పాదరక్షల సరఫరాలో జాప్యాన్ని తగ్గించే పద్ధతి: ఆర్డరు నుంచి దుకాణం దాకా

చెన్నైలో బూట్లు, చెప్పులు తయారు చేసి నెల్లూరు, తిరుపతి, విజయవాడ దుకాణాలకు పంపే కంపెనీలో సరుకు ఆలస్యమవుతోందన్న ఫిర్యాదు రాగానే, చాలామంది మొదట రవాణా సంస్థను మార్చడం గురించి ఆలోచిస్తారు. చెన్నై నుంచి విజయవాడ సుమారు 450 కిలోమీటర్లు. లారీ నేరుగా వెళితే ఒక రాత్రి ప్రయాణం. అయినా దుకాణదారుడు మూడు నాలుగు వారాలు ఎదురు చూడవలసి వస్తోందంటే, ఆ పెట్టె లారీ ఎక్కక ముందే ఎక్కడో ఆగి ఉందన్నమాట. అది ఎక్కడ, ఎందుకు ఆగిందో తెలుసుకోవడమే ఈ పనిలో మొదటి మెట్టు.

ఇందుకోసం బాగా అమ్ముడయ్యే ఒక్క మోడల్‌ను, అందులోనూ ఒక్క సైజును ఎంచుకోండి. ఉదాహరణకు మగవారి నలుపు ఆఫీసు బూటు, 8వ నంబరు. ఆర్డరు చేతికి వచ్చిన క్షణం నుంచి కటింగ్, కుట్టు, లాస్టింగ్ (బూటు పైభాగమైన అప్పర్‌ను పాదం ఆకారపు దిమ్మ అయిన లాస్టుపై బిగించడం), సోల్ అంటింపు, ఫినిషింగ్, ప్యాకింగ్, గోడౌన్, బిల్లు, లోడింగ్ వరకు ప్రతి దశలోనూ పని మొదలైన సమయాన్నీ ముగిసిన సమయాన్నీ బ్యాచ్ కార్డుపైనే రాయించండి. ఒక జతపై నిజంగా చేయి పడే సమయం గంటల్లోనే ఉంటుందనీ, మిగతా రోజులన్నీ ట్రేలలోనూ కాగితాల మధ్యనూ గడుస్తున్నాయనీ ఆ కార్డే చూపిస్తుంది. ఆర్డర్లను శనివారం సమావేశంలో మాత్రమే ప్లాన్ చేసే కంపెనీలో సోమవారం వచ్చిన ఆర్డరు తోలు ముక్క కూడా కదలకుండానే అయిదు రోజులు కోల్పోతుంది. ప్లానింగ్‌ను రోజువారీ పనిగా మార్చడానికి పైసా ఖర్చు కాదు కాబట్టి, మొదటి మార్పు అదే కావాలి.

తరువాత ఫ్యాక్టరీలో సగం తయారై ఉన్న జతలను లెక్కపెట్టండి. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ప్రకారం, లోపల ఉన్న సరుకును రోజువారీ ఉత్పత్తితో భాగిస్తే ఒక జత లోపల గడిపే సగటు కాలం వస్తుంది. లోపల 12,000 జతలు ఉండి రోజుకు 2,000 పూర్తవుతుంటే ఆరు రోజులు పడుతుంది. లోపలి సరుకును 4,000కు తగ్గించి, అదే ఉత్పత్తిని నిలబెట్టుకోగలిగితే రెండు రోజులే. అంటే ముందుగానే ఎక్కువ కోసి పెట్టుకోవడం వేగం కాదు, అదే జాప్యానికి మూలం. అయితే కటింగ్ విభాగానికి కోసిన ముక్కల లెక్కన ప్రోత్సాహకం ఇస్తున్నంత కాలం వారు కోస్తూనే ఉంటారు, అందులో వారి తప్పేమీ లేదు. ప్రోత్సాహకాన్ని పూర్తయిన జతలకు ముడిపెట్టి, 600 జతల బ్యాచ్‌ను 120కి దించితేనే ఈ మార్పు నిలుస్తుంది.

పాదరక్షల వ్యాపారంలో అసలు చిక్కు సైజులది. అప్పర్లు కుట్టి సిద్ధంగా ఉన్నా 8వ నంబరు సోల్ రాకపోతే లైన్ ఆగుతుంది. సోల్‌కు సైజుకొక అచ్చు ఉంటుంది, అచ్చు మార్చడానికి సమయం పడుతుంది కాబట్టి సరఫరాదారుడు ఒక్కో సైజును పెద్ద మొత్తంలో పోస్తాడు. అందువల్ల వీలైనన్ని మోడళ్లకు ఒకే సోల్ వాడేలా డిజైన్ విభాగాన్ని ఒప్పించి, ఆ సోల్‌ను అన్ని సైజుల్లోనూ నిల్వ ఉంచుకోవడం ఈ మొత్తం ప్రణాళికలో అత్యంత విలువైన నిర్ణయమని నా అభిప్రాయం. లాస్టులు కూడా అమ్మకాల నిష్పత్తిలోనే ఉండాలి. పన్నెండు జతల పెట్టెలో సైజుల వారీగా 1, 2, 3, 3, 2, 1 చొప్పున సరుకు వెళుతుంటే, లాస్టులు అన్ని సైజులకూ సమానంగా ఉన్న ఫ్యాక్టరీలో మధ్య సైజులు ఎప్పుడూ వెనకబడతాయి.

ఏడాది పొడవునా అమ్ముడయ్యే మోడళ్లకు కుట్టిన అప్పర్లను నిల్వ చేసి, ఆర్డరు వచ్చాక లాస్టింగ్, సోల్ పని మాత్రమే చేయండి. ఫ్యాషన్ మోడళ్లకు అలా చేస్తే రంగు మారినప్పుడు అప్పర్లు మిగిలిపోతాయి. వాటికి రంగు వేయని క్రస్ట్ తోలు దశలోనే ఆగి, ఆర్డర్లు చూశాక రంగు నిర్ణయించడం మేలు. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడిలో తోలు శుద్ధి చేసే టానరీలు చెన్నై–బెంగళూరు రహదారి వెంటే ఉండటం మనకున్న పెద్ద సౌలభ్యం. విదేశాల నుంచి ఓడలో వచ్చే బకిళ్లు, జిప్పులు చిన్నవి, చవకైనవి. వాటిని ధారాళంగా నిల్వ ఉంచుకోండి. ఇక జూన్‌లో బడులు తెరిచేటప్పుడు కావలసిన స్కూలు బూట్లకు ఇంత వేగం అవసరమే లేదు, గిరాకీ ముందే తెలుస్తుంది కాబట్టి వాటిని నెలల ముందే తయారు చేసి పెట్టుకోవచ్చు.

ఊరికొక డిపో తెరవాలన్న ఆలోచనకు తొందరపడకండి. నాలుగు డిపోల గిరాకీ హెచ్చుతగ్గులు దాదాపు ఒకేలా ఉండి, ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, ఆ నాలుగింటిలో అనుకోని గిరాకీ కోసం ఉంచే రక్షణ నిల్వను ఒకే చోటికి చేర్చినప్పుడు సగంతోనే సరిపోతుంది. తెలుగు జిల్లాల వ్యాపారం ఎక్కువైతే విజయవాడ రహదారి వైపున్న రెడ్ హిల్స్ దగ్గర, బెంగళూరు వైపు ఎక్కువైతే శ్రీపెరుంబుదూరు దగ్గర గోడౌన్ చూసుకోవాలి. దుకాణానికి మొదటిసారి పూర్తి సైజుల పెట్టె పంపండి. ఆ తరువాత అయిపోయిన సైజులను మాత్రమే విడి జతలుగా, మంగళ, శుక్రవారాల వంటి స్థిరమైన రోజుల్లో పంపండి. 8, 9 నంబర్లు అయిపోయిన దుకాణదారుడికి మళ్లీ పన్నెండు జతల పెట్టె పంపితే అమ్ముడుపోని 6వ నంబర్లే పేరుకుంటాయి. సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే ఈ-వే బిల్లు చెల్లుబాటు సాధారణ సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఉంటుంది కాబట్టి, లోడింగ్ ఖాయమయ్యాకే వాహనం వివరాలు నింపాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమకు తోలు బూజు పడుతుంది, దీపావళి గిరాకీ కూడా సాధారణంగా అప్పుడే వస్తుంది. పెట్టెలను నేలకు తగలకుండా ప్యాలెట్లపై పేర్చి, సిలికా జెల్ పొట్లాలు వేసి, పండుగ సరుకును వానలు ముదరక ముందే కదిలించాలి.

లాస్టింగ్ పనిని మరో యూనిట్‌కు ఇవ్వదలిస్తే, పాదరక్షల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2024 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉందని గుర్తుంచుకోండి. ఆ ఉత్తర్వు కింద తీసుకోవలసిన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) లైసెన్సు నిర్దిష్టమైన తయారీ స్థలానికే వర్తిస్తుంది కాబట్టి, కొత్త చోటికి దాన్ని పొందే కాలాన్ని కూడా ప్రణాళికలో చేర్చాలి.

ఇదంతా ఒకేసారి మొదలుపెట్టకండి. ఒకే సోల్ వాడే మోడళ్లను, నెల్లూరు వైపున్న కొద్దిమంది డీలర్లను ఎంచుకుని, మాట ఇచ్చిన తేదీకి అడిగిన సైజులన్నీ చేరిన ఆర్డర్లు నూటికి ఎన్ని అన్నదాన్ని వారం వారం లెక్కించండి. తొమ్మిది సైజులు అందించి పదోదాన్ని ఎగ్గొట్టిన ఆర్డరును విఫలమైనదిగానే రాయండి. డీలరు ఆ రోజు కోల్పోయే బేరం సరిగ్గా ఆ పదో సైజుదే కావచ్చు. ఈ లెక్క ఒక పండుగ సీజను ఒత్తిడిని కూడా తట్టుకుని నిలకడగా ఉన్నాకే రెండో సోల్ మోడళ్లను ఈ పద్ధతిలోకి తీసుకురండి.