తక్కువ ఖర్చుతో క్రిస్మస్: వెదురు నక్షత్రం, పశువుల పాక, గులాబీ పువ్వులు

పండుగకు పది రోజుల ముందే పని మొదలుపెట్టే ఇంటికి బజారులో కొనవలసినవి చాలా తక్కువ. డిసెంబరు నాటికి కోస్తా జిల్లాల్లో సార్వా కోతలు దాదాపు ముగుస్తాయి కనుక వరిగడ్డికి కొదవ ఉండదు. పాత శుభలేఖలు, క్యాలెండర్లు ఎలాగూ ప్రతి ఇంట్లోనూ మూలన పడి ఉంటాయి. డబ్బు పెట్టవలసింది రంగు కాగితానికి, ఒక మంచి బల్బుకు, పిండివంటల నూనెకు మాత్రమే.

అన్నింటికన్నా ముందు నక్షత్రం. దుకాణాల్లో దొరికే ప్లాస్టిక్ నక్షత్రాల కంటే వెదురు బద్దలతో కట్టి, లోపల దీపం పెట్టినది ఎంతో నిండుగా కనిపిస్తుందని నా అభిప్రాయం. 60 సెంటీమీటర్ల పొడవున పది సన్నని బద్దలు, 12 సెంటీమీటర్ల పొడవున ఐదు పుల్లలు సిద్ధం చేసుకుని, ఎండిన వెదురు వంచితే విరుగుతుంది కాబట్టి బద్దలను ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టాలి. ప్రతి బద్ద మీద రెండు కొసల నుంచీ 23 సెంటీమీటర్ల దూరంలో ఒక్కో గుర్తు పెట్టాలి. ఐదు బద్దలను ఒకదాని కిందుగా, మరొకదాని మీదుగా అల్లుతూ నక్షత్రంలా పేర్చి, కొసలను నూలుదారంతో బిగిస్తే, అవి ఒకదానినొకటి దాటే చోట్లు సరిగ్గా ఆ గుర్తుల మీదికి వస్తాయి. రాలేదంటే ఏదో ఒక కొస జారినట్టే. ఇలాంటి చట్రాలు రెండు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఐదు కొసల దగ్గరా కలిపి ముడి వేసి, లోపలి ఐదు దాటుళ్ళ దగ్గర రెండు చట్రాల మధ్య పుల్లలను నిలువుగా నిలబెట్టి కట్టాలి. అప్పుడు నక్షత్రం కడుపు ఉబ్బుతుంది.

జిగురుకు మైదాను నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద చిక్కబడేదాకా ఉడికిస్తే చాలు. పురుగు పట్టకుండా పూర్వం మైలుతుత్తం కలిపేవారు. అది విషం కనుక పిల్లలు చెయ్యి వేసే పనిలో దానిని మానడమే మంచిది. పలుచని రంగు కాగితాన్ని మొత్తంగా ఒకేసారి అతికిస్తే ముడతలు పడుతుంది, కాబట్టి ముందూ వెనుకా కలిపి కొమ్ములకు పది ముక్కలు, ముందు వైపు నడుమ ఒకటి, పక్క సందులకు పది సన్నని త్రికోణాలు కత్తిరించుకోవాలి. వెనుక వైపు నడిమి గడిని మాత్రం మూయకుండా వదిలి, అందులోంచి చిన్న ఎల్‌ఈడీ బల్బును దించాలి. పాతకాలపు తీగ బల్బు వేడికి కాగితం మాడుతుంది, కొవ్వొత్తి అసలే పనికిరాదు. రాత్రి మంచుకు కాగితం తడవకుండా చూరు కిందనే వేలాడదీయాలి.

క్రీస్తు పుట్టుకను గుర్తుచేసే పశువుల పాకకు అట్టపెట్టె, వరిగడ్డి, కాస్త ఎర్రమట్టి సరిపోతాయి. పాక మీద దూదిని మంచులా అతికించే అలవాటు చాలా ఇళ్ళలో ఉన్నా, మన ఊళ్ళలో కురవని మంచు కోసం దీపాల పక్కన దూది పెట్టడం నాకు నచ్చదు. దానికి బదులు కొబ్బరి చిప్పల్లో తడి మట్టి నింపి 15వ తేదీ ప్రాంతంలో ఆవాలు చల్లితే, పండుగ నాటికి పాక ముందు పచ్చిక సిద్ధంగా ఉంటుంది. చెట్టు విషయానికి వస్తే, కోస్తాలో సరుగుడు తోటలు నరికే చోట అడిగితే చివరి కొమ్మ ఇస్తారు. బకెట్టులో తడి ఇసుక పోసి దానిని నిలబెట్టి, శుభలేఖల నుంచి కత్తిరించిన బంగారు రంగు నక్షత్రాలను దారాలతో కట్టవచ్చు.

పిండివంటల్లో గులాబీ పువ్వులకు (పువ్వు ఆకారపు అచ్చును పిండిలో ముంచి నూనెలో వేయించేవి) కప్పు మైదా, అరకప్పు బియ్యప్పిండి, అరకప్పు పంచదార పొడి, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, చెంచా నువ్వులు తీసుకుని, సుమారు కప్పు కొబ్బరిపాలతో దోసెల పిండి కంటే కొంచెం పలుచగా కలపాలి. పువ్వు కరకరలాడేది బియ్యప్పిండి వల్లనే. పంచదార పెరిగితే పువ్వు త్వరగా నల్లబడి అచ్చుకు అంటుకుంటుంది. అచ్చును ముందు నూనెలోనే బాగా కాగనిచ్చి, పిండిలో ముప్పాతిక వంతు మాత్రమే ముంచాలి, పైఅంచు మునిగితే పువ్వు ఊడదు. పిండి అచ్చును పట్టకపోతే అచ్చు వేడి చాలలేదని, పట్టీ పట్టగానే ఉడికి పిండిలోనే జారిపోతే వేడి ఎక్కువైందని తెలుసుకోవాలి.

గవ్వలకు చెక్క లేకపోతే కడిగిన కొత్త దువ్వెన చాలు. రెండు కప్పుల మైదాలో రెండు చెంచాల వేడి నెయ్యి వేసి గట్టిగా కలిపి, చిన్న ఉండలను దువ్వెన పళ్ళ మీద బొటనవేలితో నొక్కుతూ చుట్టి, మధ్యస్థమైన సెగ మీద వేయించి, కప్పు బెల్లంతో ఉండ పాకం పట్టి అందులో కలపాలి. గోవా, మంగళూరు క్రైస్తవులు క్రిస్మస్‌కు చేసే కుల్‌కుల్ కూడా దాదాపు ఇదే.

ఇరుగుపొరుగుకు పంపే పొట్లాలకు శుభలేఖల కవర్లనే వాడుకోవచ్చు. అయితే నూనె తగిలితే అచ్చు సిరా వంటకానికి దిగుతుంది కాబట్టి లోపల ఆరబెట్టిన అరిటాకు ముక్క వేసి, పువ్వులు పూర్తిగా చల్లారిన తరువాతే కట్టాలి.