పాలిష్ చేసిన అల్యూమినియం చక్రాలకు ఏ పూత మేలు?

అద్దంలా మెరిసే అల్యూమినియం చక్రానికి క్లియర్‌కోట్ (రంగులేని పారదర్శక వార్నిష్ పూత) వేయించాలనుకోవడం సహజమే గాని, అంత నునుపైన లోహాన్ని ఆ పూత గట్టిగా పట్టుకోలేదు. రాయి తగిలి చిన్న పెచ్చు లేచినా తేమ, ఉప్పు లోపలికి చేరి పూత అడుగున తెల్లని దారాల్లా తుప్పు పాకుతుంది, అప్పుడు పూతంతా తొలగించి మళ్లీ పాలిష్ చేయక తప్పదు. మైనం పూయడం సులువే, కానీ బ్రేకుల వేడికి ఎక్కువ కాలం నిలవదు. నా మట్టుకు ద్రవంగా పూస్తే గాజులా గట్టిపడే సిరామిక్ పూతే మేలనిపిస్తుంది: అది పలుచనిది, వేడిని తట్టుకుంటుంది, అరిగినప్పుడు మళ్లీ వేసుకోవచ్చు. అయితే పూసే ముందు పాలిష్ జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచివేయాలి. ఈ ఒక్క పని సరిగా చేయకపోతే ఎంత ఖరీదైన పూతైనా అంటుకోదు. చక్రం చల్లగా ఉన్నప్పుడే పూసి, తయారీదారు సూచించినంత సేపు తడి తగలనివ్వకూడదు. తరువాత కడగడానికి ఘాటైన ఆమ్ల, క్షార ద్రావణాలు కాక, తటస్థ గుణం గల షాంపూనే వాడాలి.