కాజీపేటలో ఎక్కాలా, వరంగల్‌లో ఎక్కాలా?

హన్మకొండ, కాజీపేట, వరంగల్ ఒకదానిలో ఒకటి కలిసిపోయిన త్రినగరి కావడంతో, ఇక్కడికి కొత్తగా వచ్చినవారు రెండు స్టేషన్లలో ఏది దగ్గరైతే అక్కడ రైలెక్కవచ్చని అనుకుంటారు. స్టేషన్ల మధ్య దూరం పది కిలోమీటర్లే అయినా, కొన్ని రైళ్లు కాజీపేట ముఖమే చూడవు, మరికొన్ని వరంగల్ వైపే రావు. ఏ రైలు ఎటు పోతుందో తెలియాలంటే ముందు ఈ పట్టాలు ఎలా పడ్డాయో తెలుసుకోవాలి.

నిజాం ప్రభుత్వ హయాంలో 1874లో ఇప్పటి కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ వరకు వేసిన లైనును 1889లో బెజవాడ వరకు పొడిగించారు. ఆ లైను మీదనే కాజీపేట, వరంగల్ రెండూ ఉన్నాయి. 1929లో కాజీపేట నుంచి ఉత్తరంగా పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల మీదుగా బల్లార్షా వరకు లైను పూర్తి కావడంతో మద్రాసుకు ఢిల్లీతో నేరుగా రైలు మార్గం ఏర్పడింది. అప్పటి నుంచి కాజీపేట జంక్షన్‌కు సికింద్రాబాద్, విజయవాడ, బల్లార్షా వైపులకు మూడు దారులు ఉన్నాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. సికింద్రాబాద్ నుంచి వచ్చిన రైలు కాజీపేట దాటగానే సాఫీగా బల్లార్షా వైపు మళ్లుతుంది. విజయవాడ నుంచి వచ్చేది మాత్రం జంక్షన్‌లోకి వస్తే, ఇంజన్‌ను విప్పి రెండో చివర తగిలించుకుని వెనక్కి తిరగవలసి వస్తుంది. ఆ శ్రమ లేకుండా వరంగల్ నుంచి నేరుగా ఉత్తరపు లైనును కలిపే బైపాస్ పట్టా ఉంది కనుక, ఢిల్లీ–చెన్నై రైళ్లు సాధారణంగా కాజీపేట జంక్షన్‌ను తాకకుండానే వెళ్లిపోతాయి.

గుర్తు పెట్టుకోవలసింది ఇంతే. చెన్నై, విజయవాడ నుంచి ఢిల్లీకి పోయే గ్రాండ్ ట్రంక్ వంటి రైళ్లను వరంగల్‌లో ఎక్కాలి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌ను, సికింద్రాబాద్–నాగపూర్ వందేభారత్‌ను కాజీపేటలో ఎక్కాలి. సికింద్రాబాద్–విజయవాడ మార్గంలో తిరిగే శాతవాహన, గోదావరి వంటివి రెండు చోట్లా ఆగుతాయి కనుక ఇల్లు ఎటు దగ్గరైతే అటు వెళ్లవచ్చు. అయితే అదే మార్గంలో నడిచే సికింద్రాబాద్–విశాఖపట్నం వందేభారత్‌కు ఈ త్రినగరిలో వరంగల్ ఒక్కటే హాల్ట్.

టికెట్ తీసేటప్పుడు స్టేషన్ కోడ్‌ను ఒకటికి రెండుసార్లు చూడండి. కాజీపేట జంక్షన్ కోడ్ ‘కేజెడ్‌జే’, వరంగల్ కోడ్ ‘డబ్ల్యూఎల్’. జాబితాలో ‘కాజీపేట టౌన్’ అనే పేరు కూడా కనిపిస్తుంది కానీ అది ఉత్తరపు లైను మీది చిన్న స్టేషన్, జంక్షన్ కాదు. ఒకసారి నేను కోడ్ చూడకుండా వరంగల్ టికెట్‌తో కాజీపేట ప్లాట్‌ఫారం మీద అరగంట నిలబడి, ఎదురుచూస్తున్న రైలు బైపాస్ మీదుగా అప్పటికే వెళ్లిపోయిందని ఎంక్వయిరీలో తెలుసుకున్నాను.

రిజర్వేషన్‌ను ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచి చేయించుకోవచ్చు. రెండు చోట్లా ఆగే రైలులో ఎక్కే స్టేషన్ మార్చుకోవాలనుకుంటే, బోర్డింగ్ పాయింట్‌ను ముందే మార్చుకోవాలి. మార్చాక పాత స్టేషన్‌లో ఎక్కడానికి హక్కుండదు. సికింద్రాబాద్ వరకు జనరల్ టికెట్‌పై వెళ్లేవారు రైల్‌వన్ యాప్‌లో తీసుకుంటే క్యూ తప్పుతుంది కానీ, 199 కిలోమీటర్ల లోపు దూరాలకు ఆ టికెట్‌పై మూడు గంటల్లోపు ప్రయాణం మొదలుపెట్టాలన్న నిబంధనను మరవకూడదు. రైలు ఎక్కడుందో తెలుసుకోవడానికి 139కి ఫోన్ చేయవచ్చు.

బయటి ఊళ్ల నుంచి వచ్చేవారు దిగే స్టేషన్‌ను కూడా ముందే ఎంచుకోవాలి. ఎన్‌ఐటీకి, కాజీపేట దర్గాకు వెళ్లేవారు కాజీపేటలో, ఓరుగల్లు కోటకు వెళ్లేవారు వరంగల్‌లో దిగాలి. వేయిస్తంభాల గుడి హన్మకొండలో ఉంది కనుక ఎక్కడ దిగినా ఆటో తప్పదు. కాజీపేటలో రైలు ఆలస్యమైతే ఎదురుగా నిలిచిన ఇంజన్ల పక్కలను గమనించండి: వాటిలో కొన్నింటి మీద చిన్న అక్షరాలతో ‘కాజీపేట’ అని రాసి ఉంటుంది. అవి ఇక్కడి లోకోషెడ్‌కు చెందినవి.