"ఈ పుస్తకం కాదండీ" అని వాపసు తెస్తున్నారా? హాల్‌టికెట్ నంబరు పూర్తిగా చదవండి

జేఎన్టీయూ హైదరాబాద్ సిలబస్ చదివే బీటెక్ పిల్లలకు పుస్తకాలు అమ్మే క్యాంపస్ షాపులో చాలా ఏళ్లుగా కౌంటర్ చూస్తున్నాను. బిల్లు కొట్టడం, ర్యాకులు సర్దడం, డిస్ట్రిబ్యూటర్‌కు ఆర్డర్ పెట్టడం మీకు వచ్చనుకునే ఇది రాస్తున్నాను. పిల్లలు అడిగేదానికీ మనం ఇచ్చేదానికీ ఎక్కడ తేడా కొడుతుందో అంతవరకే ఇక్కడ.

కంప్యూటర్‌లో నాలుగు కాపీలున్నాయి, ర్యాకులో ఒక్కటీ లేదు

ఎవరో దొంగిలించారని ముందే డిసైడ్ అవకండి. తొంభై శాతం ఇది ఎడిషన్ గొడవ. కొత్త ఎడిషన్ వచ్చినప్పుడు బార్‌కోడ్ స్కాన్ చేయకుండా, పేరు టైప్ చేసి పాత ఎంట్రీ మీదే స్టాక్ ఎక్కించి ఉంటారు. బిల్లు మాత్రం స్కాన్ చేసి కొడతాం కాబట్టి అది కొత్త నంబరు మీద తగ్గుతుంది. పాత ఎంట్రీలో ఆ నాలుగూ ఎప్పటికీ అలాగే కనిపిస్తుంటాయి. ఎడిషన్ మారితే ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) మారుతుంది, రీప్రింట్ అయితే మారదు. వెనక అట్ట మీద 978తో మొదలయ్యే 13 అంకెలు చూసి సరిచేయండి. 2007కు ముందు పుస్తకాలైతే పది అంకెలే ఉంటాయి, చివర ఎక్స్ ఉన్నా కంగారు పడొద్దు.

అదీ కాకపోతే సివిల్ ర్యాకు వెనక చెయ్యి పెట్టి చూడండి. చేతిలో డబ్బుల్లేనివాళ్లు ఆఖరి కాపీని వేరే బ్రాంచి పుస్తకాల వెనక దాచి వెళ్తారు, ఇంటినుంచి డబ్బులొచ్చాక వచ్చి తీసుకుంటారు. నేనూ చదువుకునే రోజుల్లో ఆ పని చేసినవాణ్ణే.

"అన్నా, గ్రేవాల్ ఉందా?"

ఉంది అనేసి మ్యాథ్స్ పుస్తకం తీసివ్వకండి. గ్రేవాల్ రచయిత పేరు, ఆయనదే న్యూమరికల్ మెథడ్స్ కూడా ఉంది. బాలగురుసామి అంటే ఇంకా కష్టం: సీ, సీ ప్లస్ ప్లస్, జావా అనే ప్రోగ్రామింగ్ భాషల పుస్తకాలు మూడూ ఆయనవే. "ఏ సబ్జెక్టుకు?" అని ఒక్క మాట అడిగితే సరిపోతుంది. ఆ ఒక్క మాట అడగరు, అదే నా బాధ.

సబ్జెక్టు పేరు సరిగ్గా చెప్పాడు, సరైన పుస్తకమే ఇచ్చాం, అయినా మర్నాడు వాపసు తెచ్చాడు

నాకు బాగా దెబ్బ తగిలింది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

2023 చివర్లో రెండో ఏడు సీఎస్ఈ పుస్తకం ఒకటి అడుగుతూ ఒక కుర్రాడు వచ్చాడు. "అన్నా, ఓఓపీకి బాలగురుసామి" అన్నాడు. ఓఓపీ అంటే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్. ఏ బ్యాచ్ అని అడిగితే ఐడీ కార్డు చూపించాడు. దాని మీద హాల్‌టికెట్ నంబరు 22తో మొదలైంది. 22 అంటే ఆర్22 రెగ్యులేషన్ (ఆ బ్యాచ్‌కు వర్తించే సిలబస్, నిబంధనలు), అందులో ఓఓపీ జావాతో ఉంటుంది కాబట్టి జావా పుస్తకం ఇచ్చి పంపాను. నేను ఏ బ్యాచ్ అని కూడా అడిగాను కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే వచ్చేశాడు, "ఇది కాదన్నా, నాకు సీ ప్లస్ ప్లస్ కావాలి" అని. సబ్జెక్టు పేరు సరిగ్గా చెప్పడం రాదేంటని కాస్త విసుక్కున్నాను కూడా. ఆ తర్వాత అదే వారంలో ఇంకో ఇద్దరు. సలహాల రిజిస్టర్ తిరగేస్తే "ఓఓపీ సీ ప్లస్ ప్లస్ తెప్పించండి" అని నాలుగు చోట్ల ఉంది. నాలుగింటి పక్కనా ఎర్ర పెన్నుతో "సిలబస్‌లో లేదు" అని రాసి ఉంది. రాసింది నేనే. ఆ పుస్తకాలన్నీ జూన్‌లోనే డిస్ట్రిబ్యూటర్‌కు రిటర్న్ కొట్టేశాను.

తప్పు పిల్లలది కాదు. ఆ నంబరులో మొదటి రెండంకెలే చూశాను. ఆ తర్వాత కాలేజీ కోడ్, దాని తర్వాత 1ఏ గానీ 5ఏ గానీ ఉంటుంది. 1ఏ అంటే మొదటి ఏడాది నుంచి చదివినవాళ్లు. 5ఏ అంటే పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి, నేరుగా రెండో ఏడులో చేరిన లాటరల్ ఎంట్రీ వాళ్లు. ఆర్22 వచ్చింది 2022-23లో మొదటి ఏడాదిలో చేరినవాళ్లకు. అదే ఏడాది ఈసెట్‌తో చేరినవాళ్లు మాత్రం 2021 బ్యాచ్‌తో కలిసి రెండో ఏడులో కూర్చున్నారు, అంటే వాళ్లది అంతకుముందున్న ఆర్18. నంబరు 22, రెగ్యులేషన్ 18. ఆర్18లో ఓఓపీ అంటే సీ ప్లస్ ప్లస్. నా దగ్గరికి వచ్చింది మూడో ఏడు పిల్లలు, రెండో ఏడు సబ్జెక్టు సప్లీ (తప్పినవాళ్లు మళ్లీ రాసే పరీక్ష) రాసుకోవడానికి. రెండో ఏడు సబ్జెక్టు, 22 నంబరు అనగానే నా బుర్ర జావా దగ్గరికే వెళ్లిపోయింది.

ఇందులో ఉన్న మోసమేంటంటే పుస్తకం చూస్తే తేడా తెలియదు. రచయిత అదే, సబ్జెక్టు పేరు దాదాపు అదే. ఓఓపీ కాబట్టి కనీసం మర్నాడు బయటపడింది. ఆర్18లో అనలాగ్ అండ్ డిజిటల్ ఎలక్ట్రానిక్స్ ఆర్22కు వచ్చేసరికి డిజిటల్ ఎలక్ట్రానిక్స్ అయింది. అక్కడ తప్పు పుస్తకం ఇస్తే కుర్రాడికి పరీక్ష ముందు రోజు దాకా తెలియదు.

దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది. హాజరు 65 శాతం కన్నా తగ్గి డిటెయిన్ అయినవాళ్లు మళ్లీ చేరితే కింది బ్యాచ్ రెగ్యులేషన్‌లోకి వెళ్తారు. నంబరు 21తోనే ఉంటుంది, చదివేది ఆర్22. వీళ్లు డిటెయిన్ అయ్యామని నోరు విప్పి చెప్పరు, మనం పదిమందిలో అడగనూ కూడదు. "ఇప్పుడు ఏ బ్యాచ్‌తో క్లాసులో కూర్చుంటున్నావ్?" అంటే చాలు, విషయం తెలిసిపోతుంది, వాళ్లకూ ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు మా కౌంటర్‌లో చేసేది ఇది. నంబరులో ముందు రెండంకెలు, 1ఏనా 5ఏనా రెండూ చూస్తాం. 5ఏ అయితే ఏడాదిలోంచి ఒకటి తీసేసి లెక్క వేస్తాం. రెగ్యులరా, సప్లీనా అడుగుతాం. ఇంకా అనుమానముంటే ఫోన్‌లో సిలబస్ పీడీఎఫ్ తెరవమంటాం. దాని పైన రెగ్యులేషన్ నంబరు అచ్చయి ఉంటుంది, అది చూశాకే పుస్తకం తీస్తాం. అర నిమిషం పని. అటానమస్ కాలేజీ పిల్లలైతే ఈ లెక్కలేవీ పనిచేయవు, వాళ్ల కాలేజీ రెగ్యులేషన్ వేరు. నేరుగా పీడీఎఫ్ చూడండి.

సలహాల రిజిస్టర్‌లో పేరు, ఫోన్ నంబరు, పుస్తకం అని మూడే గళ్లుండేవి. రెగ్యులేషన్ అని ఇంకో గడి గీయించాను. పాత రెగ్యులేషన్ పుస్తకాలు పూర్తిగా రిటర్న్ కొట్టడం కూడా మానేశాను. సప్లీలు రాసేవాళ్లున్నన్నాళ్లూ సబ్జెక్టుకు రెండు మూడు కాపీలు కింది అరలో ఉంటాయి. ప్రతి కొత్త రెగ్యులేషన్‌కూ మొదటి మూడేళ్లు ఈ తలనొప్పి తప్పదు.

"కోఠిలో సగం రేటుకే ఇస్తున్నారు"

నిజమే, ఇస్తారు. అవి సెకండ్ హ్యాండ్. వాదన పెట్టుకోకండి. ఆన్‌లైన్ రేటు చూపించి అడిగితే మనం ఇవ్వగలిగిన డిస్కౌంట్ ఎంతో ఒకేసారి చెప్పేయండి, బేరం సాగదీస్తే వెనక క్యూ పెరుగుతుంది. బిల్లులో జీఎస్టీ లేదేంటని అడిగేవాళ్లుంటారు. అచ్చు పుస్తకాలకు లేదు. నోటుబుక్కులకు 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు. పాత బిల్లు తెచ్చి పోల్చి చూపిస్తే ఆ తేదీ చెప్పండి.

మిగతావి

ఏసీ పెట్టండి, జెరాక్స్ మిషన్ పెట్టండి, ఆల్-ఇన్-వన్‌లు (సబ్జెక్టులన్నీ ఒకేదాంట్లో ఉండే పుస్తకాలు) ముందు వరసలో పెట్టండి అని పిల్లలు రిజిస్టర్‌లో రాస్తుంటారు. మూడోది మాత్రం చేయండి, ఇంటర్నల్స్ వారంలో అడిగేది అవే. పేజీలు తలకిందులుగా కుట్టిన కాపీ ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. మారు మాట లేకుండా మార్చి ఇచ్చి, పాడైనదాన్ని డిస్ట్రిబ్యూటర్ మనిషి వచ్చినప్పుడు అంటగట్టండి. ప్రింట్ ఆగిపోయిన పుస్తకం అడిగితే లైబ్రరీకి పంపండి.