పెయింట్ వేసిన ఇటుక ఫైర్‌ప్లేస్‌కి కొత్త కళ
అమెరికాలో పాత ఇల్లు కొన్నవాళ్లకి ఒక మాట. హాల్లో ఇటుకల ఫైర్‌ప్లేస్ మీద ఎప్పుడో వేసిన తెల్ల పెయింట్ పచ్చబడిపోయిందా? ఇటుక బయటపడేదాకా గీకాలని చూడకండి. గుంటల్లోకి దిగిన రంగు ఎంత గీకినా పూర్తిగా పోదు. పైగా 1978కి ముందు కట్టిన ఇల్లయితే ఆ పెయింట్‌లో విషపూరితమైన సీసం (లెడ్) ఉండొచ్చు, ముందు టెస్ట్ చేయించండి.

మసి, జిడ్డు కడిగి, బాగా ఆరాక బాండింగ్ ప్రైమర్ (పాత పెయింట్ మీద కొత్త రంగు పట్టుకునేలా చేసే అడుగు పూత) పూసి, పైన రంగు వేయండి. సున్నం మాత్రం నేరుగా వద్దు. ఇటుక పీల్చుకుంటేనే అది పట్టుకుంటుంది, పెయింట్ మీద పొడిగా రాలిపోతుంది. మేం లేత బూడిద రంగు వేసి, ఆరకముందే ఇటుకల అంచుల మీద తడిగుడ్డతో అద్దాం. ఒక్కో ఇటుకా విడిగా తేలి ఎంత బాగుందో! మంట మండే లోపలి భాగానికి వేడిని తట్టుకునే పెయింటే వాడాలి.