క్రూయిజ్ దిగాక ఓర్లాండోలో నాలుగు రోజులు: కుటుంబంతో తక్కువ ఖర్చులో థీమ్ పార్కులు చూడటం ఎలా?

ఫ్లోరిడాలోని పోర్ట్ కెనావెరల్ నుంచి బహామాస్ క్రూయిజ్ బుక్ చేసుకున్న వాళ్లకి ఒక ఆలోచన తప్పకుండా వస్తుంది. "డిస్నీ అక్కడికి గంటా గంటంపావు దూరమే కదా, పిల్లలకి అదీ చూపించేసి వద్దాం." ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉన్నారంటే ఇక చెప్పక్కర్లేదు. ఆలోచన మంచిదే. విమానం టికెట్లు మళ్లీ కొనే పని ఉండదు, పెట్టిన సెలవులు కలిసొస్తాయి. కాకపోతే షిప్‌లో ఉన్నన్నాళ్లూ తిండీ పడకా ముందే కట్టిన డబ్బులో గడిచిపోతాయి. కింద కాలు పెట్టిన దగ్గర్నుంచీ మంచినీళ్ల సీసాకి కూడా పర్సు తీయాలి.

మొదటిసారి మేం ఈ తేడా తెలియక దెబ్బతిన్నాం. షిప్ ఆరున్నరకి వస్తుంది, తొమ్మిదికి దిగుతాం, పదిన్నరకల్లా పార్కులో ఉంటాం అని కాగితం మీద లెక్క వేసుకుని, ఆ రోజుకే ఆరు టికెట్లు కొనేశాం. ఆ పొద్దున దిగే లైను కదల్లేదు. తర్వాత రెంటల్ కారు షటిల్ కోసం ఎండలో నలభై నిమిషాలు నిలబడ్డాం. డిస్నీ వాళ్ల మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు గేటు దాటేసరికి ఒంటిగంటన్నర. షిప్‌లో రోజూ అర్ధరాత్రి దాకా మేలుకున్న మా చిన్నాడు స్ట్రోలర్‌లో నిద్రపోయాడు. అత్తయ్యకి నేల ఇంకా ఊగుతున్నట్టే ఉంది. ఆరు టికెట్ల డబ్బుకి నాలుగు రైడ్లు ఎక్కాం.

అందుకే నేను ఎవరికైనా ముందు చెప్పేది ఇదే: దిగిన రోజుకి పార్కు టికెట్ కొనకండి. మిగతా ప్లానంతా దాని చుట్టూ అల్లుకోవచ్చు.

1. తేదీలు ముందు, హోటల్ తర్వాత

పోర్ట్ కెనావెరల్ నుంచి వెళ్లే చిన్న క్రూయిజ్‌లు ఎక్కువగా రెండు రకాలు. శుక్రవారం ఎక్కి సోమవారం దిగేవి, సోమవారం ఎక్కి శుక్రవారం దిగేవి. పార్కులు కూడా చూడాలనుకుంటే మొదటి రకమే మేలు. సోమవారం దిగితే పార్కు రోజులు మంగళ, బుధ, గురువారాల్లో పడతాయి. గదుల ధరలు తక్కువగా ఉండేవి ఆ రోజులే. డిస్నీ టికెట్ ధర కూడా తేదీని బట్టి మారుతుంది.

మార్చిలో స్ప్రింగ్ బ్రేక్, జూలై, థాంక్స్ గివింగ్, క్రిస్మస్ వారాలు అన్నిటికంటే ఖరీదు. ఫ్లోరిడా బడులు ఆగస్టు మధ్యలోనే తెరుస్తారు కాబట్టి ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో రద్దీ బాగా తగ్గుతుంది. అయితే అది తుఫాన్ల కాలం కూడా. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ సీజన్. షిప్ తిరిగొచ్చే రోజు మారిపోవచ్చు. ఆ నెలల్లో వెళ్తే పది డాలర్లు ఎక్కువైనా సరే, డబ్బు వాపసు వచ్చే రేటుకే గది తీసుకోండి.

ఇంకో మాట, ఇది డబ్బు విషయం కాదు. షిప్ దేశం దాటి వెళ్లి తిరిగొస్తుంది కాబట్టి అమ్మానాన్నల వీసా మల్టిపుల్ ఎంట్రీదై ఉండాలి. మీ హెచ్-1బి ఉద్యోగ వీసా స్టాంపు గడువు తీరి ఉంటే బుక్ చేయకముందే లాయర్‌ని అడగండి. కెనడా, మెక్సికో వెళ్లొచ్చేవాళ్లకి ఉన్న మినహాయింపు బహామాస్ విషయంలో హెచ్-1బి వాళ్లకి వర్తించదు.

2. ఇల్లా, హోటలా?

అసలు ఖర్చు తేలేది ఇక్కడే. నలుగురైతే డిస్నీ వాళ్ల చవక రిసార్టుల్లో, అంటే ఆల్-స్టార్ మూవీస్, మ్యూజిక్, స్పోర్ట్స్, పాప్ సెంచరీల్లో ఒక గది సరిపోతుంది. పార్కులకి బస్సులు ఉచితం, పార్కుల దగ్గర పార్కింగ్ కట్టక్కర్లేదు, పొద్దున్నే అందరికంటే అరగంట ముందు లోపలికి వదులుతారు. ఓర్లాండోలోని ఇంకో పెద్ద థీమ్ పార్కు యూనివర్సల్ వైపు వెళ్లేవాళ్లు ఎండ్‌లెస్ సమ్మర్, కబానా బే హోటళ్లు చూడొచ్చు. కబానా బేలో ఆరుగురు పట్టే ఫ్యామిలీ సూట్లున్నాయి.

ఆరుగురు, అందులో ఇద్దరు పెద్దవాళ్లు అయితే నా ఓటు పక్క ఊళ్లు కిసిమ్మీలోనో డావెన్‌పోర్ట్‌లోనో అద్దె ఇంటికే. వంటిల్లు ఉంటుంది. వాషింగ్ మెషిన్ ఉంటుంది, క్రూయిజ్ దిగాక దాని విలువ తెలుస్తుంది: సూట్‌కేసుల్లో ఉతికిన బట్ట ఒక్కటీ మిగలదు. మావయ్య పొద్దున అయిదింటికే లేచి కాఫీ పెట్టుకున్నా ఎవరి నిద్రా చెడదు.

అయితే ధర చూసేటప్పుడు రాత్రికి ఇంత అని రాసిన అంకెని నమ్మకండి. అద్దె ఇళ్లకి క్లీనింగ్ ఫీజు ఒకేసారి పడుతుంది. రెండు రాత్రులకే తీసుకుంటే అది నడ్డి విరుస్తుంది, నాలుగు రాత్రులైతే సర్దుకుపోతుంది. హోటళ్లలో దీనికి జోడీ రిసార్ట్ ఫీజు, రాత్రి పార్కింగ్. రెండు చోట్లా పేమెంట్ పేజీ దాకా వెళ్లి, పన్నులతో కలిపి వచ్చిన చివరి అంకెలనే పోల్చండి. ఇంటికైతే దానికి పార్కుల పార్కింగ్ కూడా కలపండి, రోజుకి 30 డాలర్ల చుట్టుపక్కల అవుతుంది.

3. పోర్టు నుంచి ఓర్లాండోకి

ఉబర్ పెద్ద బండి ఒక్కసారికి బాగానే ఉంటుంది. కానీ ఆరుగురు, ఆరు సూట్‌కేసులు, నాలుగు రోజులు అంటే రెంటల్ మినీవాన్‌కే లెక్క కుదురుతుంది. కారు టెర్మినల్ ముందు దొరకదు. కంపెనీ షటిల్ ఎక్కి దగ్గర్లోని ఆఫీసుకి వెళ్లాలి. అందరూ ఆ షటిల్ దగ్గర నిలబడొద్దు. లైసెన్స్ ఉన్న ఒకరు మాత్రం వెళ్లి కారు తెచ్చి, మిగతావాళ్లని టెర్మినల్ దగ్గర ఎక్కించుకోండి. ఆదివారం దిగేవాళ్లు ఆ ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారో ముందే చూసుకోవాలి.

పోర్టు నుంచి ఓర్లాండోకి 528 నంబర్ బీచ్‌లైన్ రోడ్డు, టోల్ ఉంటుంది. రెంటల్ వాళ్ల టోల్ ప్యాకేజీ తీసుకుంటే టోల్ మీద రోజువారీ ఫీజు కూడా వేస్తారు. న్యూజెర్సీ వైపు నుంచి వచ్చేవాళ్లు మీ ఈజీపాస్ (టోల్ కట్టే ట్యాగ్) వెంట తెచ్చుకోండి, ఫ్లోరిడా టోల్ రోడ్ల మీద పనిచేస్తుంది. రెంటల్ కారు నంబర్‌ని ఆ కొన్ని రోజులకీ అకౌంట్‌లో చేర్చుకుంటే సరి.

మయామీలో దిగేవాళ్లకి దారి వేరు. అక్కడి నుంచి ఓర్లాండో విమానాశ్రయం దాకా 2023 నుంచి బ్రైట్‌లైన్ రైలు నడుస్తోంది, మూడున్నర గంటల ప్రయాణం. ఒక చిన్న హెచ్చరిక: విమానాశ్రయం నుంచి డిస్నీ రిసార్టులకి ఫ్రీ బస్సు ఉందని పాత వీడియోల్లో చెబుతారు. అది 2022 మొదట్లోనే ఆగిపోయింది.

4. దిగిన రోజు

తొమ్మిదికి దిగితే, చేతికి ఇంటి తాళం వచ్చేది సాయంత్రం నాలుగింటికి. మధ్యలో ఏడు గంటలు. హోటలైతే లగేజీ ముందే తీసి పెట్టుకుంటారు, అద్దె ఇంటికి ఆ సౌకర్యం ఉండదు.

షిప్ దిగే ముందు బ్యాగులు ఒకసారి తడిమి చూడండి. మా అత్తయ్య హ్యాండ్‌బ్యాగ్‌లో టిష్యూ పేపర్‌లో చుట్టిన రెండు యాపిల్స్, ఒక అరటిపండు దొరికాయి. "డబ్బులు కట్టాం కదమ్మా, పిల్లలు దార్లో తింటారని" అంది. షిప్‌లోని పళ్లు బయటికి తేకూడదు. తనిఖీలో దొరికితే జరిమానా కూడా పడొచ్చు. ఆ పళ్లు గదిలోనే వదిలేశాం. అత్తయ్య లిఫ్ట్ దాకా వాటిని తలుచుకుంటూనే ఉంది.

ఆ ఏడు గంటలకి మేమిప్పుడు వేసుకునే ప్లాన్ ఇలా ఉంటుంది. కోకో బీచ్‌లో గంటన్నర, పిల్లలు ఇసకలో ఆడుకుంటారు. అక్కడి నుంచి ఓర్లాండోకి వచ్చి ఏదైనా ఇండియన్ రెస్టారెంట్‌లో భోజనం. షిప్ బఫే తిని తిని ఉన్నవాళ్లకి సాంబారు వాసన తగలగానే మొహాలు మారిపోతాయి. తర్వాత ఇండియన్ స్టోర్‌లో బియ్యం, కందిపప్పు, పెరుగు, వాల్‌మార్ట్‌లో పాలు, బ్రెడ్, నీళ్ల సీసాలు. నాలుగయ్యేసరికి ఇంటికి. బట్టలు మెషిన్‌లో వేసి అందరూ ఓ కునుకు తీస్తారు. ఓపిక ఉంటే రాత్రికి డిస్నీ వాళ్ల షాపుల వీధి డిస్నీ స్ప్రింగ్స్ వెళ్లొచ్చు. ప్రవేశానికి టికెట్ లేదు, పార్కింగ్ ఫ్రీ. లెగో బొమ్మలు, లైట్లు, జనం చూస్తే పిల్లలకి డిస్నీకి వచ్చేశాం అనే తృప్తి వస్తుంది.

పోర్టుకి దగ్గర్లోనే కెనడీ స్పేస్ సెంటర్ ఉంది. అక్కడ అట్లాంటిస్ స్పేస్ షటిల్‌ని అంతరిక్షంలో ఎగురుతున్నట్టు పక్కకి వంచి ఎత్తులో నిలబెట్టారు. అద్దంలా మెరిసే నల్లరాతి స్మారకం మీద కల్పనా చావ్లా పేరు చూసి మావయ్య చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. చూడాల్సిన చోటే, కాకపోతే టికెట్ చవక కాదు, మధ్యాహ్నానికి ముగిసేదీ కాదు. వెళ్తే ఒక పార్కు రోజుని తగ్గించుకుని వెళ్లండి, పార్కులకి అదనంగా పెట్టుకోకండి.

5. ఎవరికి ఎన్ని టికెట్లు

డిస్నీలో మూడేళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు. 3 నుంచి 9 ఏళ్ల వాళ్లకి తగ్గేది కొద్ది డాలర్లే, పదో ఏడు వస్తే పెద్దవాళ్ల కింద లెక్క. సగటున మనిషికి 150 డాలర్లు వేసుకున్నా ఆరుగురికి రోజుకి 900. కాబట్టి తగ్గించాల్సింది రోజులనే. ఎన్ని ఎక్కువ రోజులకి కొంటే రోజు ధర అంత తగ్గుతుందన్నది నిజమే. కానీ రోజుకి ఇరవై డాలర్లు కలిసొస్తాయని రెండు రోజులు ఎక్కువ తిరగడం పొదుపు కాదు.

నాలుగు రాత్రుల్లో రెండు పార్కు రోజులు చాలు. చిన్నపిల్లలున్న ఇంటికి ఒకటి మ్యాజిక్ కింగ్‌డమ్. ఆ రోజు తాతయ్య, నానమ్మలకి టికెట్ తీయకపోయినా వాళ్లేమీ అనుకోరు, అడిగి చూడండి. మా ఇంట్లో "హమ్మయ్య" అన్నారు. రెండోది ఎప్‌కాట్, అది అందరికీ. అక్కడ 'లివింగ్ విత్ ద ల్యాండ్' అని ఒక పడవ రైడ్ ఉంది. నెమ్మదిగా గ్రీన్‌హౌస్‌ల మధ్య నుంచి తీసుకెళ్తుంది, వేర్లు గాల్లో వేలాడుతూ మొక్కలు కాపు కాస్తుంటాయి. తెనాలి దగ్గర నలభై ఏళ్లు వ్యవసాయం చేసిన మావయ్య పడవలోంచి ముందుకి వంగి, "మట్టి లేకుండా ఈ వంగమొక్క ఇంత కాసిందేంటే! నీళ్లలో ఏం కలుపుతున్నారో అడుగు" అన్నారు. ఎవర్ని అడగను? మళ్లీ ఎక్కాలన్నారు, ఎక్కాం.

టార్గెట్ స్టోర్ వాళ్ల కార్డు ఉన్నవాళ్లకి ఒక చిట్కా. దానితో డిస్నీ గిఫ్ట్ కార్డులు కొంటే 5 శాతం తగ్గుతుంది, ఆ గిఫ్ట్ కార్డులతో టికెట్లు కొనుక్కోవచ్చు. లైన్ తప్పించే లైట్నింగ్ లేన్ కొనాలా అంటే, మ్యాజిక్ కింగ్‌డమ్ రోజున తప్ప వద్దంటాను. అది కూడా రైడ్లు ఎక్కేవాళ్లకే.

దానికంటే ముందు, డబ్బు కట్టక్కర్లేని రైడర్ స్విచ్ అడగండి. ఎత్తు సరిపోని చిన్నాడితో ఒకరు బయట ఉంటే మిగతావాళ్లు ఎక్కొస్తారు, తర్వాత బయట ఉన్నవాళ్లు పెద్ద లైన్‌లో మళ్లీ నిలబడకుండా వెళ్లొచ్చు. పెద్దపాపకి రెండుసార్లు ఎక్కే అవకాశం దొరుకుతుంది. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్‌కి 38 అంగుళాలు, స్పేస్ మౌంటెన్‌కి 44 అంగుళాల ఎత్తు ఉండాలి. ఇంట్లోనే గోడ దగ్గర నిలబెట్టి కొలిచి వెళ్తే అక్కడ ఏడుపులుండవు.

6. పులిహోర

డిస్నీ పార్కుల్లోకి బయటి తిండి తీసుకెళ్లనిస్తారు. గాజు సీసాలు, విడి ఐస్ మాత్రం కుదరవు. పొద్దున్నే కలిపిన పులిహోర మధ్యాహ్నం రెండింటికి కూడా బాగుంటుంది. పెరుగన్నం ఆ ఎండకి పులుస్తుంది, ఐస్‌ప్యాక్‌తో పెట్టినా నాకు నమ్మకం లేదు. చపాతీల్లో బంగాళదుంప కూర పెట్టి చుట్టేస్తే పిల్లలు లైన్‌లోనే తినేస్తారు. కూల్‌డ్రింక్ మెషిన్ ఉన్న క్విక్ సర్వీస్ కౌంటర్లలో అడిగితే ఐస్ వాటర్ ఉచితంగా ఇస్తారు, ఏమీ కొనక్కర్లేదు. యూనివర్సల్‌లో ఇంత ఉదారం లేదు, చిరుతిళ్లు, నీళ్ల సీసాల వరకే.

విమానంలో వచ్చేవాళ్లు రైస్ కుక్కర్ తెచ్చుకోకండి. షిప్‌లోకి వేడిచేసే వస్తువులేవీ రానివ్వరు. అద్దె ఇంట్లో గిన్నెలు, స్టవ్ ఉంటాయి, అన్నం వార్చుకోవచ్చు.

7. పార్కు రోజు, తిరుగు ప్రయాణం

వేసవిలో ఫ్లోరిడాలో మధ్యాహ్నం ఉరుములతో వాన దాదాపు రోజూ పడుతుంది. పార్కులో రెయిన్‌కోట్లు కొనే బదులు డాలర్ స్టోర్‌లో ముందే కొనుక్కోండి. మీ సొంత స్ట్రోలర్ తెచ్చుకుంటే అద్దె మిగులుతుంది, పిల్లల్ని లాక్కెళ్లే వ్యాగన్లని మాత్రం డిస్నీ లోపలికి రానివ్వదు. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కారులో వెళ్తే పార్కింగ్ నుంచి నేరుగా గేటు దగ్గరికి రాలేరు, మోనోరైల్ గానీ ఫెర్రీ గానీ ఎక్కాలి. గేట్లు తీసే సమయానికి గంట ముందు పార్కింగ్‌లో ఉండేలా చూసుకోండి. మొదటి రెండు గంటల్లో అయ్యే రైడ్లు ఆ తర్వాత నాలుగు గంటల్లో కూడా కావు.

చివరి రోజు కారు ఓర్లాండో విమానాశ్రయంలో అప్పగించేముందు గ్యాస్ నింపాలి కదా. విమానాశ్రయం పక్కనే ఉన్న బంకుల్లో ధర బోర్డు చూడకుండా పంపు పట్టుకోకండి. కిసిమ్మీలో బయల్దేరేటప్పుడే నింపేసి, ఆ రసీదు గ్లవ్ బాక్స్‌లో పెట్టుకోండి.