తిన్నాక షుగర్ ఎప్పుడు ఎగురుతోంది? పంప్ వాడేవాళ్లకు సమస్య - పరిష్కారం

నాకు టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారవ్వని రకం) వచ్చి ఇరవై రెండేళ్లు, చర్మం కిందికి ఇన్సులిన్ ఎక్కించే పంప్ పెట్టుకుని ఆరేళ్లు. షుగర్ ఎక్కువ కనిపిస్తే మా అత్తమ్మ ఇప్పటికీ మొదట అడిగేది "ఏం తిన్నవ్?" అనే. నేను అడిగేది వేరు: ఎప్పుడు పెరిగింది? అరగంటకా, రెండు గంటలకా, అందరూ పడుకున్నాకా? మీటర్ మీద 260 అన్న అంకె ఒకటే కనిపించినా దాని వెనక తప్పు ఒక్కోసారి ఒక్కోటి, ఒకదానికి చేయాల్సిన రిపేరు ఇంకోదానికి చేస్తే రాత్రి రెండింటికి చెమటలు పట్టి గ్లూకోజ్ డబ్బా వెతుక్కోవాలి. మామూలుగా తిన్నాక ఒకటి రెండు గంటల్లో 180 దాటకపోతే చాలంటారు. కింద చెప్పిన అంకెలు నా ఒంటివి, మీవి మీ డాక్టరుతో కూర్చుని తేల్చుకోండి.

అరగంటకే 250కి లేచి, మూడు గంటలకు చక్కగా 120కి వచ్చేస్తోంది

నేను దీన్ని ఇడ్లీ జబ్బు అంటాను. చాలామంది ఇక్కడ ఇన్సులిన్ డోసు పెంచేస్తారు, అదే తప్పు. డోసు తక్కువైతే మూడు గంటలకు 120కి దిగేదే కాదు కదా, తక్కువైంది టైమ్. లిస్‌ప్రో, అస్పార్ట్, గ్లులిసిన్, ఈ ఇన్సులిన్లని రాపిడ్, అంటే త్వరగా పనిచేసేవి, అంటారు గానీ చర్మం కింద నుంచి రక్తంలోకి చేరి పని మొదలుపెట్టడానికే పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది, గట్టిగా పట్టు దొరికేసరికి గంట, గంటన్నర. మెత్తగా రుబ్బి, పులియబెట్టి, ఆవిరి మీద ఉడికించిన ఇడ్లీ అంతసేపు ఆగుతుందా?

పరిష్కారం ముందుగా బోలస్, అంటే తిండికి సరిపడా ఒకేసారి ఇచ్చే ఇన్సులిన్ డోసు, ఇవ్వడం. ఎంత ముందన్నది తెలియాలంటే ఒక ఆదివారం పొద్దున షుగర్ 140, 160 మధ్య ఉన్నప్పుడు టిఫిన్ బోలస్ ఇచ్చి, ప్లేటు ఎదురుగా పెట్టుకుని, ఒంటికి అంటించుకున్న గ్లూకోజ్ సెన్సర్ చూస్తూ కూర్చోండి. అంకె ఒక పదిహేను, ఇరవై తగ్గగానే తినండి. నాకు పొద్దున 25 నిమిషాలు తేలింది, మధ్యాహ్నం అన్నానికి 12 చాలు. తెల్లవారుజామున హార్మోన్ల వల్ల ఇన్సులిన్ మొండికేస్తుంది, అందుకే పొద్దున అంత తేడా. అరగంటైనా కదలిక లేకపోతే మాత్రం ఇంకా ఎదురుచూడకుండా తినేయండి.

రెండు చోట్ల ఇది చేయకండి. మొదలే 80 లోపల ఉంటే ముందు తినాలి, తర్వాతే బోలస్. రెండోది బయట తినేటప్పుడు. ఒకసారి సికింద్రాబాద్‌లో ఆర్డర్ ఇచ్చీ ఇవ్వగానే బోలస్ కొట్టేశాను, "రెండు నిమిషాల్లో వస్తది మేడమ్" అన్నారు, నలభై నిమిషాలకు నా షుగర్ 62, ప్లేటు జాడ లేదు. ఇరానీ చాయ్ తెప్పించి మూడు చెంచాల చక్కెర కలుపుకుని తాగి ఒడ్డునపడ్డాను. అప్పటి నుంచి ప్లేటు బల్ల మీద పడ్డాకే పంప్ మీద చెయ్యి.

రెండు గంటలకు 140, ఐదు గంటలకు 280

ఇది బిర్యానీ, రంజాన్ నెలలో హలీమ్. రెండు గంటలకు చూసి "అబ్బ, ఇవాళ భలే కుదిరింది" అని మురిసిపోయి పడుకుంటాం, అసలు కథ తర్వాత మొదలవుతుంది. నెయ్యి, నూనె, మాంసం పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి, దానికి తోడు కొవ్వు వల్ల ఇన్సులిన్ పనితనం కూడా కొన్ని గంటలు మందగిస్తుంది. హలీమ్‌లో గోధుమ, పప్పు, మాంసం, నెయ్యి అన్నీ కలిపి గంటలకొద్దీ దంచి ఉడికిస్తారు, తింటే నోట్లో కరిగిపోతుంది గానీ రక్తంలోకి తాపీగా వస్తుంది. మామూలు బోలస్ మూడు నాలుగు గంటల్లో చాలావరకు అయిపోతుంది, అన్నం, మసాలా మాత్రం లోపలే ఉంటాయి.

పంప్‌కి డబ్బు పెట్టిందే ఇందుకు అనిపిస్తుంది నాకు. డ్యూయల్ వేవ్ అనండి, కాంబో అనండి, ఒక్కో పంప్‌లో ఒక్కో పేరు, పని ఒకటే: బోలస్‌లో కొంత ఇప్పుడు, మిగతాది గంటల మీద బొట్టుబొట్టుగా. మొదటిసారి మొత్తం డోసు పెంచకుండా పంచి మాత్రమే చూడండి, నేను 60 శాతం అప్పుడే, 40 శాతం మూడు గంటల మీద పెట్టి మొదలుపెట్టాను. అదే భోజనం రెండు మూడుసార్లు తిన్నా చివర్లో పెరుగుతూనే ఉంటే అప్పుడు మొత్తాన్ని కాస్త పెంచే సంగతి డాక్టరుని అడగండి. ఫంక్షన్ హాళ్లలో వడ్డన రాత్రి పదిన్నరకి గానీ మొదలవ్వదు కాబట్టి, కొత్తలో రాత్రి రెండింటికి అలారం పెట్టుకోండి, సెన్సర్ ఉన్నా సరే. స్వీట్ విషయం వేరు, డబల్ కా మీఠా తినాలనుకుంటే ముందే లెక్కలో వేసుకోండి, వాయిదా బోలస్‌తో దాన్ని పట్టుకోలేరు.

ఎన్ని కరెక్షన్లు (పెరిగిన షుగర్ దించే డోసులు) కొట్టినా దిగట్లేదు

తిండిని వదిలేయండి, పైపు సంగతి చూడండి. సెట్ (పంప్ నుంచి ఒంట్లోకి మందు తెచ్చే ట్యూబ్, దాని ప్లాస్టర్) తీసేముందు వాసన చూడండి, ఇన్సులిన్‌కి ఫినాయిల్ లాంటి ఘాటు వాసన ఉంటుంది, ప్లాస్టర్ దగ్గర ఆ వాసన వచ్చి తడిగా ఉంటే మందు లోపలికి కాదు, బయటికి కారుతోంది. ట్యూబ్‌లో బుడగలున్నాయా? సెట్ పెట్టి మూడు రోజులు దాటిందా? పోయినసారి తీసిన కాన్యులా (చర్మం కింద ఉండే సన్నటి గొట్టం) చూసి నాకే నవ్వొచ్చింది, కొస చేపల గాలంలా వంగిపోయి ఉంది, ఆ పూటంతా పంప్ మాత్రం "డెలివర్డ్" అనే చూపించింది. దారి పూర్తిగా మూసుకుపోతే అలారం మోగుతుంది, కారిపోతే మోగదు. పొట్ట మీద ఒకేచోట గుచ్చీ గుచ్చీ గట్టిపడిన గడ్డ ఉంటే అక్కడ మందు సరిగ్గా పీల్చుకోదు, వేలితో నొక్కితే తెలుస్తుంది, దాన్ని నెలల తరబడి ముట్టుకోకండి.

నా రూలు ఇది. 250 దాటి, ఒక కరెక్షన్ ఇచ్చి, గంటన్నరకీ దిగకపోతే కీటోన్లు (ఇన్సులిన్ అందనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు) చూస్తాను, తర్వాతి కరెక్షన్ పంప్‌తో కాకుండా ఇన్సులిన్ పెన్‌తో ఇస్తాను, సెట్ మొత్తం మారుస్తాను. పెన్‌తో ఎంత ఇచ్చిందీ పంప్‌కి తెలీదు, ఆ లెక్క మనమే పెట్టుకోవాలి. ఇంత తొందర ఎందుకంటే పంప్ వాడేవాళ్ల ఒంట్లో లాంగ్ యాక్టింగ్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే) ఇన్సులిన్ ఉండదు, సరఫరా ఆగితే కొన్ని గంటల్లోనే కీటోన్లు పేరుకుంటాయి. రక్తంలో కీటోన్ 1.5 దాటినా, వాంతులు మొదలైనా ఇంట్లో ప్రయోగాలు వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇంకోటి, ఇది మన దగ్గర నిజంగా ప్రమాదం. పెన్ లేక సిరంజి తెప్పిస్తే, మెడికల్ షాపులో ఎర్ర మూతది చేతిలో పెడతారు. అది మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కి. పంప్‌లో వాడేది మిల్లీలీటరుకి 100 యూనిట్లుండేది. ఆ సిరంజిలో 4 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 10 యూనిట్లు. నారింజ మూతదే అడగండి, ఇంట్లో ఒకటి పెట్టుకోండి.

మే నెలలోనే ఇలా అవుతోంది

నలభై దాటిన ఎండలో ఉప్పల్ నుంచి మాదాపూర్ దాకా బండి మీద వెళ్తూ పంప్ ట్యూబ్ షర్టు బయట వేలాడుతుంటే అందులోని మందు వేడెక్కదా? వాడుకలో ఉన్న ఇన్సులిన్ 30 డిగ్రీల లోపల ఉండాలి. ట్యూబ్ బట్టల లోపల పెట్టుకోండి, స్పేర్ వయల్ బండి డిక్కీలో మాత్రం పెట్టకండి. ఎండాకాలంలో నేను రిజర్వాయర్ (పంప్ లోపల మందు నింపే గొట్టం) సగమే నింపి రెండు రోజులకే మార్చేస్తాను. చెమటకి ప్లాస్టర్ లేస్తే పైన ఇంకో టేప్.

తిన్న రెండు గంటలకు 220 అని మళ్లీ కొట్టాను, నాలుగు గంటలకు 55

మొదటి బోలస్ ఇంకా సగం పని చేయాల్సి ఉండగానే రెండోది మీద పడింది. పంప్‌లో యాక్టివ్ ఇన్సులిన్ టైమ్ (ఇచ్చిన డోసు ఎన్ని గంటలు పనిచేస్తుందని పంప్‌కి చెప్పే సెట్టింగ్) చూడండి, త్వరగా దిగాలని రెండు గంటలు పెట్టుకున్నవాళ్లని చూశాను, మందు మూడు నుంచి ఐదు గంటలు ఉంటుంది, పంప్‌కి అబద్ధం చెప్తే అదీ మనకి అబద్ధమే చెప్తుంది. 220 చూసి చేతులు దురద పెడితే లేచి వీధి చివరిదాకా పదిహేను నిమిషాలు నడిచి రండి. షుగర్ మరీ పడిపోయి లో అయితే 15 గ్రాముల గ్లూకోజ్, పదిహేను నిమిషాలాగి మళ్లీ టెస్ట్. చాక్లెట్ వద్దు, అందులో కొవ్వు ఉంటుంది, ఆలస్యం చేస్తుంది.

సెన్సర్ 150, మీటర్ 310

పోయిన ఎండాకాలం, బంగినపల్లి పండు తిన్న గంటకి. గుండె ఆగినంత పనైంది, సెన్సర్ చెడిపోయిందనుకుని కరెక్షన్‌కి పంప్ తీశాను. అత్తమ్మ వంటింట్లోంచే అడిగింది: "చేతులు కడుక్కున్నవా?" కడుక్కుని మళ్లీ గుచ్చితే 148.